ఒళ్ళో తిరిగే డిస్కు

జూన్ 2, సోమవారం

ఈ నోటుపుస్తకం మా పిల్లది. ముందు పేజీల్లో ఎవరి కంప్యూటరుకు ఏ జబ్బు చేసిందో గొలుసురాతలో రాసుకుంది. అవి తిప్పను. వెనక నుంచి మొదలుపెడుతున్నాను. నేను అయిదో తరగతి వరకే చదివాను. తప్పులుంటే ఉంటాయి, చూసేవాళ్ళెవరు గనక.

పిల్ల పోయి రెండు నెలలు. ఇరవయ్యారేళ్ళ పిల్ల. కొట్టు తీయలేదు. కొట్టంటే మా ముందుగదే, వీధివైపు షట్టరు. లోపలి తలుపులోంచి వెళ్ళి రోజూ తుడిచి వస్తున్నాను. దుమ్మంటే దానికి పడదు. డిస్కులకూ పడదు.

జూన్ 3

తుడిచాను. స్క్రూలు ఏరాను. అది ఉన్నప్పుడూ ఆ పని నాదే. హార్డ్ డిస్కు బిగించే లావు మరవి ఒక మూతలో, సీడీ డ్రైవుకు వేసే సన్న మరవి ఇంకో మూతలో. తారుమారైతే మర చెడిపోతుంది. పొడుగు స్క్రూ వేస్తే డిస్కు అడుగునున్న పచ్చ బోర్డుకు గుచ్చుకుంటుంది. "అమ్మా, నువ్వు చదువుకోకపోయినా నీ వేళ్ళు చదువుకున్నాయే" అనేది. మెచ్చుకోలో వెటకారమో దానికే తెలియాలి.

సన్న మరవి ముప్పై ఒకటి. లావువి లెక్కపెట్టలేదు.

జూన్ 5, గురువారం

ఇవాళ ఒక పని చేశాను.

బల్ల కింద అరలో పిల్ల సొంత డిస్కు ఉంది. అరచేతికి కాస్త పెద్దది, బరువుగా ఉంటుంది. పైన తెల్లకాగితం అంటించి "నాది, ముట్టుకోవద్దు" అని రాసింది. ఆ రాత నాకోసమే. తడిగుడ్డతో తుడిచేస్తానని భయం.

కంప్యూటరుకు తగిలించలేదు. నాకెలాగూ అందులోవి తెరవడం రాదు. కరెంటు తీగ ఒక్కటే తగిలించాను. కరెంటు అందితే చాలు, దానంతట అది తిరుగుతుంది. ముందు నిద్రలేచిన పిల్ల ఒళ్ళు విరుచుకున్నట్టు ఒక మూలుగు. తర్వాత రెండు చిన్న టిక్కులు. తర్వాత సన్నగా, ఆగకుండా, ఒకటే హోరు.

మూడేళ్ళు ఆ హోరు పక్కన కూర్చునే కూరలు తరిగాను. అది వినపడుతోందంటే పిల్ల గదిలో ఉన్నట్టే. ఇవాళ కూడా తల తిప్పలేదు. తిప్పకుండా కూర్చుంటే ఉన్నట్టే ఉంది.

అయిదు నిమిషాలుంచి తీసేశాను.

జూన్ 6

అయిదు నిమిషాలే.

జూన్ 7

అయిదు నిమిషాలే. గడియారం చూడలేదు.

జూన్ 10, మంగళవారం

మధ్యాహ్నం మా ఆయన ట్యాంకరు తోలడానికి వెళ్ళాక ముందుగదిలో గోడకు ఆనుకుని కూర్చున్నాను. షట్టరు చిల్లుల్లోంచి ఎండ చుక్కలు చుక్కలుగా నేల మీద పడుతుంది. బల్ల మీదుంటే హోరు బల్లకు పోతోంది. అందుకని డిస్కును ఒళ్ళోకి తీసుకున్నాను. తీగ అందింది.

కాసేపటికి వెచ్చబడింది. చీర మీంచి తొడలకు తెలిసే వెచ్చదనం. లోపల పళ్ళెం తిరుగుతుంటుందనీ, దాని మీద ఒక ముల్లు ఉంటుందనీ పిల్ల ఒకసారి పాడైన డిస్కు విప్పి చూపించింది. పళ్ళెం అద్దంలా ఉంది, నా ముఖం కనిపించింది. "నిమిషానికి ఏడువేల సార్లు పైనే తిరుగుతుందమ్మా. ముల్లు తాకదు. గాలిలో తేలుతుంది."

"తాకకుండా ఎలా చదువుతుందే?"

"దగ్గరగా ఉంటే చాలు, తాకక్కర్లేదు. తాకిందా, గీత పడుతుంది. పోయినట్టే."

ఆ మాట గుర్తు చేసుకుంటూ కళ్ళు మూసుకున్నాను. నిద్రో కాదో. గది మెల్లగా తిరుగుతోంది. బల్ల, స్క్రూల మూతలు, ఎండచుక్కలు, అన్నీ ఒక పళ్ళెం మీద నాతోపాటు తిరుగుతున్నాయి. ఎవరికీ కళ్ళు తిరగడం లేదు. మధ్యలో పిల్ల బాసింపట్టు వేసుకుని కూర్చుని దేన్నో సీరియస్‌గా విప్పుతోంది. నేను దాని మీదుగా తేలుతున్నాను. తాకడానికి లేదని నాకు తెలుసు. దగ్గరగా వెళ్తున్నాను, ఇంకా దగ్గరగా. దాని పాపిటలో దుమ్ము కనిపించింది, ఊదుదామనుకున్నాను.

లేచేసరికి ఎండచుక్కలు గోడెక్కాయి. ఎంతసేపైందో.

జూన్ 12, గురువారం

షట్టరు ఎవరో తట్టారు. తీయకూడదనుకుని తీశాను. ఎంబ్రాయిడరీ ఆవిడ. రెండు వీధుల అవతల మేడ మీద ఆవిడకు కంప్యూటరు కుట్టు మిషన్లు మూడున్నాయి. సంచిలోంచి ఒక డిస్కు తీసి బల్ల మీద పెట్టింది.

"అక్కా, ఏ ముఖం పెట్టుకుని వచ్చావంటే చెప్పలేను. మిషనుకు డిజైన్లు పంపే కంప్యూటరు చచ్చి కూర్చుంది. పదిహేనేళ్ళ డిజైన్లు. పువ్వులు, తీగలు, అన్ని బడుల బ్యాడ్జీలు అందులోనే ఉన్నాయి. బడులు తెరిచే వేళ. బ్యాడ్జీలివ్వకపోతే వచ్చే ఏడాది ఇంకొకళ్ళ దగ్గరికి పోతారు. నేను మిషన్లు అమ్ముకోవాలి."

"అయ్యో" అన్నాను.

"కిందటేడు మీ అమ్మాయి అన్నీ కాపీ తీసి తన డిస్కులో పెట్టింది. ‘నా దగ్గర ఒక కాపీ ఉంటుంది ఆంటీ, మీకేమైనా అయితే వచ్చేయండి’ అంది. ఆ డిస్కు ఉందా అక్కా?"

అది అప్పుడు నా గదిలో, నా దిండు పక్కనుంది.

"నాకు తెలియదమ్మా. వెతకాలి" అన్నాను.

జూన్ 13

నేను అబద్ధం చెప్పలేదు. వెతకాలి అన్నాను. వెతుకుతాను.

జూన్ 14

కొట్టంతా వెతికాను. అన్ని అరలూ చూశాను. అక్కడ లేదు.

జూన్ 16, సోమవారం

రేడియో అన్నయ్య వచ్చాడు. పక్కవీధిలో రేడియోలు బాగుచేసేవాడు, ఇప్పుడు దొరికిందల్లా బాగుచేస్తాడు. పిల్లకు మొదట టంకం వెయ్యడం నేర్పింది ఆయనే. మోకాళ్ళు పట్టుకుని మెట్టెక్కాడు.

"ఏం చెల్లెమ్మా, కొట్టు అద్దంలా మెరుస్తోంది. మా ఇంటికొచ్చి ఒకరోజు తుడువు, మీ వదిన నన్ను ఇంట్లోకి రానిస్తుంది."

నవ్వాను. ఎన్నాళ్ళకో.

ఎంబ్రాయిడరీ ఆవిడ పంపితే వచ్చాడు. ఆవిడ వదిలివెళ్ళిన డిస్కు చూద్దామన్నాడు. డేటా కేబులు మార్చాడు, సాకెట్టు మార్చాడు, వేరే కంప్యూటరుకు పెట్టాడు. తెర మీద ఏమీ రాలేదు. నేను స్క్రూడ్రైవరు మొన డిస్కు మీద ఆన్చి పిడి చెవికి పెట్టుకున్నాను. టక్, టక్, టక్, కాస్త ఆగి మళ్ళీ.

"ముల్లు కొట్టుకుంటోందన్నయ్యా. కేబులు కాదు."

ఆయన నావంక వింతగా చూశాడు. "నీకెవరు చెప్పారు?"

"పిల్ల చెప్పింది. నీ చెవి బాగుందమ్మా అనేది."

"ఇంక ఆ పిల్ల తీసిన కాపీ ఒక్కటే దిక్కు. వెతికావా?"

"వెతికాను."

"అది దొరికితే మాత్రం ఊరికే కరెంటు పెట్టి చూడకు. ఎంత ఆయుష్షుందో తెలియదు. పాత డిస్కు తిరిగిన ప్రతి గంటా దాని వయసులోంచి పోతుంది. ఒక్కసారే పెట్టాలి, కావలసింది తీసేసుకోవాలి."

టీ తాగి వెళ్ళాడు. మెట్టు దిగుతూ మళ్ళీ ఏదో హాస్యమాడాడు, వినలేదు.

జూన్ 17

ఇవాళ పెట్టలేదు.

పెట్టాను. కాసేపే.

జూన్ 18

హోరులో సన్నని గీరుడు. ఫ్యాను అనుకుని ఫ్యాను ఆపాను. వీధిలో ఏదైనా బండి అనుకున్నాను, బండి లేదు. నా చెవి అనుకున్నాను.

ఒళ్ళో ఎముకలు తగులుతున్నాయేమోనని దిండు మీద పెట్టాను. మెత్తగా ఉంటుంది.

జూన్ 19, గురువారం

ఆయన పెందలాడే వచ్చాడు. ట్యాంకరు టైరు పోయిందట. నేను గోడకు ఆనుకుని అలాగే ఉన్నాను, డిస్కు దిండు మీద, దిండు ఒళ్ళో. తలుపు దగ్గర నిలబడ్డాడు. ఎంతసేపు నిలబడ్డాడో తెలియదు. ఏదో అంటాడనుకున్నాను. పిల్ల పోయాక ఆయన మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

వచ్చి దిండు అంచు మీద చెయ్యి పెట్టాడు. డిస్కు మీద పెట్టలేదు, అంచు మీదే.

"కాలుతోందే" అన్నాడు. "కాసేపు పడుకోనీ."

తీగ ఆయనే తీశాడు. హోరు తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయేదాకా ఇద్దరం కూర్చున్నాం.

జూన్ 20, శుక్రవారం

ఎంబ్రాయిడరీ ఆవిడ మళ్ళీ వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పాత బ్యాడ్జీ ఒకటి ముందు పెట్టుకుని, భూతద్దంతో కుట్టు కుట్టూ లెక్కపెట్టి మళ్ళీ గీస్తోందట. నాలుగు రోజులకు సగం పువ్వైంది.

"దొరకలేదా అక్కా?"

"లేదమ్మా."

కుర్చీలో కూర్చుని చేతులు ఒళ్ళో పెట్టుకుంది. కోప్పడినా బాగుండేది.

"నాదే తప్పేమో. తీసి పెట్టానని మాటవరసకు అందేమో. పనుల మీద మరిచిపోయి ఉంటుంది. చిన్నపిల్ల. పోయినవాళ్ళని ఏమంటాం."

బల్ల మీది స్క్రూల మూతలు దగ్గరికి జరుపుకున్నాను.

"ఎవరితోనూ అనను అక్కా, దిగులుపడకు" అని కూడా అంది.

జూన్ 21

మాటవరసకు అందేమో అంది.

జూన్ 22, ఆదివారం

పిల్ల మాటవరసకు ఏదీ అనదు. ఒకసారి ఒక ముసలాయన కంప్యూటరు బాగుచేసి, వారంలో వచ్చి చూస్తానని చెప్పి, జడివానలో గొడుగేసుకుని వెళ్ళింది. రేపు వెళ్ళవే అంటే, "వారమన్నానమ్మా" అంది. ఆయన ఇంట్లో లేడు. తలుపు కింద చీటీ పెట్టి వచ్చింది.

అలాంటిదాన్ని ఆవిడ క్షమించి వెళ్ళింది. నా మూలంగా.

జూన్ 23, సోమవారం

డిస్కును మెత్తని తువ్వాల్లో చుట్టి రేడియో అన్నయ్య కొట్టుకు తీసుకెళ్ళాను. దారంతా కుదుపు లేకుండా నడిచాను. ఇప్పుడు జాగ్రత్త.

ఆయన కాగితం మీద రాత చదివి కళ్ళద్దాలు తీశాడు. "ఎక్కడ దొరికింది?"

"దొరకలేదు. నా దగ్గరే ఉంది."

"ఎన్నాళ్ళనించి?"

"మొదటినించి."

చెప్పేశాను. రోజూ కరెంటు పెట్టడం, ఒళ్ళో పెట్టుకోవడం, దిండు, గీరుడు. వింటూ వింటూ ఆయన ముఖం ఎర్రబడింది.

"తిరిగే డిస్కును కదపకూడదని మూడేళ్ళు ఆ పిల్ల పక్కనుండి నీకు తెలియదా? దిండు మీద పెడితే గాలాడుతుందా? ఒళ్ళో పెట్టుకుని ఊపుతారా ఎవరైనా?"

"ఊపలేదు."

"మరి?"

"జోకొట్టాను."

ఆయన టంకం కడ్డీ స్విచ్చి ఆపాడు. కాసేపు బల్ల మీద సామాన్లు అటూ ఇటూ సర్దాడు.

"రేపు పొద్దున్న పెడదాం. ఇవాళంతా చల్లారనీ. పిల్ల నాకు చూపించింది, ఇందులో రెండు పెద్ద సంచులున్నాయి, ఫోల్డర్లంటారే, అవి. ఒకటి ఆవిడ డిజైన్లు. రెండోది ‘నావి’ అని పెట్టుకుంది, దాని సొంతవి. నువ్వు చెప్పిన గీరుడు నిజమైతే రెండూ రావు. మధ్యలో చచ్చిపోవచ్చు. ముందు ఏది తియ్యమంటావో ఇంటికెళ్ళి ఆలోచించుకో. ఎవరూ ఏమీ అనరు. నేను చెప్పను."

జూన్ 24, మంగళవారం

ఆలోచించలేదు. ఆలోచిస్తే మారుస్తానని తెలుసు. వెళ్ళగానే గుమ్మంలోనే చెప్పాను, ఆవిడవి ముందు అని.

ఆయన డిస్కును రెండు చెక్కముక్కల మీద పెట్టాడు, కింద గాలాడేలా. పక్కన చిన్న ఫ్యాను. కరెంటు, డేటా, రెండు తీగలూ తగిలించాడు. మూలుగు వచ్చింది. టిక్కులు రెండు కాదు, నాలుగు. తెర మీద ఒక పెట్టె వచ్చింది. నాకు ఇంగ్లీషు రాదు గానీ ఆ పెట్టె ముఖం తెలుసు. డిస్కు తెలియనట్టు నటించి, మొత్తం తుడిచేసి కొత్తగా మొదలుపెట్టనా అని అడిగే పెట్టె. అన్నయ్య చెయ్యి మౌసు మీదుంది, కళ్ళద్దాలు నుదుటి మీదున్నాయి.

"కుడివైపుది నొక్కన్నయ్యా. ఎడమది నొక్కావో, అంతా పోతుంది."

కళ్ళద్దాలు దించుకుని చూసి, చెయ్యి వెనక్కి తీశాడు. "ఇంక నువ్వు ఇక్కడే కూర్చో. నన్ను కొట్టు కట్టేయమన్నా కట్టేస్తాను."

కరెంటు తీసి అరగంట చల్లారనిచ్చి మళ్ళీ పెట్టాం. ఈసారి తెరుచుకుంది.

డిజైన్లు ఒక్కొక్కటీ వస్తున్నాయి. పచ్చగీత జరుగుతుంది, ఆగుతుంది. ఆగినప్పుడల్లా ఆ గీరుడు. నేను దగ్గరికి వెళ్ళలేదు. చేతులు చంకల్లో పెట్టుకుని కూర్చున్నాను. ఫ్యాను గాలికీ ఆ హోరుకూ కళ్ళు మూతలు పడుతున్నాయి. ప్రతి డిజైనూ ఒక్కో పువ్వై ఆ నల్లపెట్టెలోంచి లేచి, గదిలో తేలుతూ కొత్త డిస్కులోకి వెళ్ళి పడుకుంటున్నట్టుంది. ఎర్రవి, పసుపువి, బడిపిల్లల జేబుల మీదివి. వాటి వెనక పిల్ల వరసలో నిలబడి ఉంది. కంగారేం లేదు దానికి. ముందు వాళ్ళని వెళ్ళనీ అన్నట్టు నిలబడింది.

రెండు గంటలు పట్టింది. మూడు పువ్వులు తప్ప అన్నీ వచ్చాయి.

"ఇప్పుడు మనవి" అన్నాడు అన్నయ్య.

పదకొండు ఫోటోలు వచ్చాయి. పన్నెండోదానికి పచ్చగీత ఆగింది. టక్. టక్. టక్.

"ఇంకోసారి పెట్టు" అన్నాను. పెట్టాడు. చల్లార్చి పెట్టాడు. నిలువుగా పెట్టాడు, పడుకోబెట్టి పెట్టాడు. సాయంత్రం వరకూ ఇంకోసారి, ఇంకోసారి అంటూనే ఉన్నాను. ఆయన ఒక్కసారి కూడా కాదనలేదు. చివరికి తిరగడం కూడా మానేసింది.

నేనే చంపాను అన్నాను.

"డిస్కుని, అవును" అన్నాడు ఆయన. "డిస్కునే."

జూన్ 25

అన్నయ్య ఫోటోలు చూపించాడు. పదకొండింట్లో ఒక్కదాంట్లోనూ పిల్ల లేదు. అన్నీ కంప్యూటర్ల కడుపులే. ఏ కంప్యూటరు విప్పినా ముందు ఫోటో తీసుకునేది, ఏ తీగ ఎక్కడుందో మళ్ళీ అలాగే పెట్టాలి గదా. ఎర్ర తీగలు, నల్ల తీగలు, దుమ్ము.

నాలుగింట్లో మూల నుంచి ఒక చెయ్యి వచ్చి టార్చి పట్టుకుని ఉంది. రెండు గాజులు, పసుపు మరక, తరుగుతుంటే తెగిన బొటనవేలు. నా చెయ్యి. ఇటు కొంచెం, ఇంకొంచెం పైకి అని విసుక్కునేది. వెలుగు సరిగ్గా అది అడిగిన చోటే పడింది.

ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పాను. "మిగతావి?" అన్నాడు. పోయాయన్నాను. "ఆ ఫోటోలు నేనూ చూస్తా" అన్నాడు.

జూన్ 27, శుక్రవారం

డిజైన్లున్న కొత్త డిస్కు అన్నయ్య సిద్ధం చేసి ఇచ్చాడు. ఆయన మోకాళ్ళు మేడ ఎక్కవు. నేనే వెళ్ళి బిగించాలి. లావు మర స్క్రూలు నాలుగు చీటీలో పొట్లం కట్టుకున్నాను.

ఎంబ్రాయిడరీ ఆవిడ కంప్యూటరు మూత తీసి పెట్టింది. డిస్కు అరలోకి తోసి, అటు రెండు, ఇటు రెండు స్క్రూలు బిగించాను. డేటా కేబులు ఒక్కవైపే పడుతుంది, కొస వంకరగా ఉంటుంది గదా. స్విచ్చి వేస్తే తెర మీద ఏమీ రాలేదు. చెవిపెట్టి విని, స్విచ్చి ఆపాను. డిస్కు తిరిగింది, అంటే కరెంటు అందుతోంది. డేటా తీగదే తంటా. బోర్డు వైపు కొస వదులుగా ఉంది. తీసి టిక్కుమనేదాకా నొక్కాను. ఈసారి వచ్చింది. ఆవిడ డిజైన్లు తెరుచుకుని, ఒక్కొక్క పువ్వునీ పేరు పెట్టి పలకరించింది.

అప్పుడు చెప్పాను. డిస్కు మొదటినుంచీ నా దగ్గరే ఉందని, ఆవిడ భూతద్దం పట్టుకున్నన్ని రోజులూ నేను దాన్ని ఒళ్ళో పెట్టుకున్నానని. పిల్ల మాటవరసకు అనలేదని.

ఆవిడ మిషనుకు బ్యాడ్జీ పెట్టి నడిపింది. సూది కిందికీ పైకీ ఆడుతోంది. నేను లేవబోయాను.

"కూర్చో అక్కా" అంది, నావైపు చూడకుండా. "నాకు కోపంగా ఉంది. ఇంకా కొన్నాళ్ళు ఉంటుంది. కోపమున్నంత మాత్రాన టీ ఇవ్వకుండా పంపుతానా."

టీ తెచ్చింది. తాగుతూ సూది వంక చూస్తూ అడిగింది. "మీ అమ్మాయికి ఏమైంది అసలు? వీధిలో తలా ఒకటి చెప్పారు. నిన్ను అడగడానికి నాకు ముఖం చెల్లలేదు."

ఇన్నాళ్ళూ అందరూ ఓదార్చారు. ఎవరూ అడగలేదు. ఈ పుస్తకంలో నేనూ రాయలేదు.

గ్లాసు కింద పెట్టాను. సోమవారం పొద్దున్న కాస్త ఒళ్ళు వెచ్చగా ఉందమ్మా అంది, మాత్ర వేసుకుని కొట్టు తీసింది అని మొదలుపెట్టాను. మధ్యలో దారం తెగింది. ఆవిడ లేచి, సూదికి దారం ఎక్కించి, వచ్చి మళ్ళీ కూర్చుని, "ఊఁ, మాత్ర వేసుకుని?" అంది.